అటక దిగిన కాయ

కాలవగట్టు బంగళా,
రాజోలు దగ్గర,
జనవరి నెలాఖరు.

ప్రియమైన అమ్మకి,

ప్రభువు పేరిట వందనాలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మన ఇంటి ఆచారం గనక రాస్తున్నాను. ఈసారి ఆ "అందరం"లో కొంచెం తేడా ఉంది. అది ఉత్తరం చివరికి వస్తుంది. ముందే ఆఖరి పేజీ తిప్పకు. నవల చదివినా నువ్వు అలాగే చేస్తావు, చేసి కథ బాగాలేదంటావు. అక్కడ నువ్వూ, తమ్ముడు ప్రవీణూ, మరదలు అక్షయా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ చెవి మిషన్ బీరువాలోంచి బయటికి రాలేదని అక్షయ చెప్పింది. అది పెట్టుకుంటే గిన్నెలు దొర్లించినట్టు వినపడుతుందంటావు, నిజమే కావచ్చు. కానీ నీకు ఫోనులో ఒక మాట చెప్పాలంటే అక్కడ ఎవరో ఒకరు ఆ మాటని నీ చెవి దగ్గర నాగపూర్ అంతా వినేలా అరవాలి. కాబట్టి మనకి ఉత్తరమే నయం.

నువ్వడిగిన వాటికి వరసగా జవాబులు. వంటింటి మీద పెంకులు మార్పించాను, కారడం లేదు. క్రిస్మస్ నక్షత్రం ఈసారీ పెద్దదే కట్టించాను, నువ్వు లేవని తగ్గించలేదు. బసకి వచ్చినవాళ్ళు పొట్టిక్కలు ఇష్టంగానే తింటున్నారు, పనసాకు బుట్టతో సహా తినబోయిన మహానుభావులు కూడా వచ్చారు. సలోమి మోకాలి నొప్పి తగ్గలేదు. ఈ మధ్య చెక్కబల్ల మీద చాలాసేపు కూర్చోవలసి వచ్చి ఇంకాస్త పెరిగింది, ఎందుకో రాస్తాను. నాకు ఇంకా పెళ్ళి కాలేదు. యాభై దాటినా ఆ ప్రశ్న మానకుండా రాస్తున్న నీ ఓపికకి ఒక దండం. ఇక ఆఖరి ప్రశ్న, "సత్తి ఎలా ఉన్నాడు? నీ ఉత్తరం అడుగున వాడు రాసే రెండు ముక్కలు ఈసారి ఎందుకు లేవు?" అని. సత్తి మావయ్య ఒంట్లో బాగానే ఉంది. మిగతాది తర్వాత.

ముందు వార్త. మన బంగళాలో ఒకాయన చనిపోయాడమ్మా, క్రిస్మస్ మర్నాడు. నీకు చెప్పొద్దని తమ్ముడికి నేనే చెప్పాను, వాణ్ణి ఏమీ అనకు. పేపరులో కూడా వేశారు, "దొరసాని బంగళాలో పర్యాటకుడి మృతి" అని. ఆ దొరసాని, మిషను డాక్టరమ్మ, పోయి ఎన్నాళ్ళో అయింది. పాడుపడ్డ గోడలకి సున్నం కొట్టించి, బసా టిఫినూ అని బోర్డు పెట్టి, తలుపు తలుపుకీ దెబ్బలాడి బాగుచేయించింది మనం. పేరు మాత్రం ఇప్పటికీ ఆవిడదే.

పోయినాయన పేరు శివనాగరాజు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. చిన్నప్పుడు ఈ గోదావరి గట్ల మీదే పనిచేశాడట, తర్వాత హైదరాబాదులో స్థిరపడ్డాడు. భార్య ఉమాదేవిగారితో సెలవలకి వచ్చాడు. మనిషి మాటకారి. క్రిస్మస్ పొద్దున టిఫిను దగ్గర లాంచీల కాలం కబుర్లు చెప్పి బల్ల చుట్టూ ఉన్నవాళ్ళని నవ్వించాడు. మావయ్య బజారులో కొన్న బొండాలు కొట్టి తెచ్చి గ్లాసుల్లో పోస్తూ వింటూ నిలబడ్డాడు. ఉమాదేవిగారు మాత్రం ప్లేటులోకే చూస్తూ కూర్చున్నారు. ఎన్నోసార్లు విన్న కథలు కాబోలు అనుకున్నాను.

మధ్యాహ్నానికి ఆయన నోటి రెండో వైపు చూశాం. సలోమి చేపల పులుసు పెడితే, "పులస అని చెప్పి ఏదో బురదచేప పెట్టేరు" అని కంచం తోసేశాడు.

"డిసెంబర్లో పులస ఏంటండీ, వరదలకి గదండీ వచ్చేది? నేను పులసని చెప్పలేదండి" అంది సలోమి.

"వంటమనిషివి, నాకు చేపలు నేర్పుతావా?"

సలోమి కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. వెళ్ళాక అంది, గోడలు వినేలా, "ఈయన నెత్తిన కొబ్బరికాయ పడా!" బసకి వచ్చినవాళ్ళ పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

మర్నాడు పొద్దున్నే మిగతా గదులవాళ్ళంతా ఐనవిల్లి గుడికి వెళ్ళిపోయారు. బంగళాలో ఆ దంపతులు, సలోమి, మావయ్య, నేను. శివనాగరాజుగారు కాలవ వైపు నడుస్తానని వెళ్ళి టిఫిను వేళకి రాలేదు. సలోమే వెళ్ళి చూసి కేక వేసింది. పెరటి కొబ్బరిచెట్ల కింద బోర్లా పడి ఉన్నాడు, తల వెనక నెత్తురు. పక్కన కొబ్బరికాయ.

మనవాళ్ళ సంగతి నీకు తెలుసు. కాయకి కళ్ళుంటాయి, చూసి పడుతుంది, మనిషి మీద పడదు అంటారు. ఆ రోజు మాత్రం ఊళ్ళో ఒక్కరూ ఆ మాట అనలేదు. సలోమి నోరు అలాంటిది, దాని జోలికి పోకూడదు అన్నారు. కాయ నిజంగానే పడిందని నమ్మడం, సలోమి చేత పడిందని నమ్మడం, రెండూ వాళ్ళకి ఒకేసారి కుదిరాయి. ఉమాదేవిగారు వరండాలో కూర్చుని నన్ను ఒకే ఒక్క మాట అడిగారు, "కాయ పడితే ఇంత దెబ్బ తగులుతుందాండీ?" తగులుతుందండీ, చాలా ఎత్తు కదా అన్నాను.

మొదట అందరూ ప్రమాదమే అనుకున్నారు. పోస్టుమార్టం డాక్టరు ఒప్పుకోలేదు. దెబ్బ పైనుంచి పడ్డది కాదు, వెనకనుంచి కర్రలాంటిదేదో గట్టిగా తగిలింది అన్నాడు. అప్పుడు ఎస్సైగారు వచ్చింది. చిన్నపిల్ల, అనంతపురం వైపు అమ్మాయి, చాలా మర్యాదగా మాట్లాడుతుంది. అందర్నీ అడిగింది. శాపం పెట్టింది ఎవరు? సలోమి. శవాన్ని మొదట చూసింది ఎవరు? సలోమి. ఆ వేళ పెరట్లో పొయ్యి దగ్గర ఉన్నది ఎవరు? సలోమి. సలోమిని జీపెక్కించారు. కూతురు ప్రసన్న కాకినాడ నుంచి నర్సింగు పరీక్ష వదిలేసి పరిగెత్తుకొచ్చి, మన వరండాలో నిలబడి, "అత్తయ్యగారూ, మా అమ్మ చీమని కూడా చంపదండీ" అంది. నాకు తెలుసు. చీమల మందు నేనే చల్లుతాను.

జీపు వెళ్ళేముందు జరిగింది ఒకటుంది. ఎస్సైగారు ఆ కాయని సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టి, ఇది ఈ పెరటి చెట్టుదేనా అని అడిగింది. నేను టీ కప్పులు పెట్టడానికి చోటు చేస్తూ ఆ కాయని చేత్తో ఎత్తి పక్కన పెట్టాను. ఎత్తగానే లోపల లొడలొడమంది.

ఈ ముక్క నీకు అర్థమైపోయింది. ఎస్సైగారికి మాత్రం తర్వాత విడమరిచి చెప్పాల్సి వచ్చింది. చెట్టు మీంచి పడ్డ కాయ అయితే బరువుగా ఉంటుంది, ఊపితే నీళ్ళు కదులుతాయి. అటక మీద వేసి నెలల తరబడి ఉంచిన కాయలో నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి గుండులా విడిపోయి, చిప్పలో దొర్లుతుంది. అదే కురిడీ. దానికి తేలికా, ఆ చప్పుడూ గుర్తులు. అలాంటి కాయ చెట్టు మీంచి పడే మాటే లేదు. పైగా అతిథులు చెట్ల కింద కూర్చుంటారంటే ముందు చెట్ల మీది కాయలన్నీ దింపు తీయించాలన్నది నీ నియమం. పండక్కి ముందే తీయించాను. కాయలన్నీ అదే రోజు అంబాజీపేట వర్తకుడు బండిలో తీసుకుపోయాడు. ఎక్కడో ఒకటి మిగిలిందేమో, అదే పడిందేమో అని నాకు నేను చెప్పుకున్నాను, చేతిలో అది మోగేవరకు.

పెరట్లో కాయ లేక, కాయ కావలసి, అటక మీంచి తెచ్చారు. ఆ అటక తాళం ఒక్కరి మొలతాడుకే ఉంటుంది, నిచ్చెన ఆ ఒక్కరి మంచం పక్కనే ఉంటుంది.

నేను కాయ పక్కన పెట్టి టీ పోశాను. సలోమి జీపెక్కింది.

సాయంత్రం మావయ్య గదికి వెళ్ళాను. పెరట్లోంచి తెచ్చిన ఈనెలతో చీపురు కడుతున్నాడు. నిలబడే అన్నాను, "మావయ్యా, ఆ కాయ లొడలొడలాడింది."

"ఆయ్" అన్నాడు.

చీపురు ముడి వేసి పక్కన పెట్టాకే మాట్లాడాడు. నేను ఏడవలేదు, అరవలేదు. ఆయనా అంతే. మనింట్లో పెద్ద విషయాలన్నీ ఇలాగే నడుస్తాయి.

అమ్మా, టిఫిను దగ్గర శివనాగరాజుగారు నవ్విస్తూ చెప్పిన కబుర్లలో ఒకటి మన లాంచీది. నేను ఆ వేళ వంటింటికీ బల్లకీ తిరుగుతూ సగం విన్నాను, పోల్చుకోలేదు. మావయ్య మొత్తం విన్నాడు. ఆ రోజుల్లో శివనాగరాజుగారు రేవులో టిక్కెట్లిచ్చే గుమాస్తా. పెళ్ళిజనం ఎక్కువయ్యారని, ఇక కదిలిస్తానని లాంచీ నడిపే సరంగు అంటే, "ఇంకో పదిమంది పడతారెహె, ఎక్కించు" అన్నది ఈయన. తను మాత్రం టీ తాగుదామని గట్టు మీదే ఉండిపోయాడు. లాంచీ నది మధ్యలో ఒరిగింది. కోర్టు సరంగుని పట్టుకుంది, ఇతన్ని ఎవరూ అడగలేదు. "తెలివైనోడికి ఎప్పుడూ గట్టే" అని ముగించాడట. అందరూ నవ్వారు.

ఆ పదిమందిలో మన రత్నం అత్తయ్య ఉంది, చంకలో చంటిది ఉంది.

"ఏ రేవండీ అని అడిగేను," అన్నాడు మావయ్య. "చెప్పేడు. ఇంకో గ్లాసు నీళ్ళు పోయమంటారాండీ అని అడిగేను. పోయమన్నాడు. పోసేను."

ఆ రాత్రంతా ఆయనకి నిద్ర పట్టలేదట. పొద్దున్నే పెరటి చివర, కాలవ వైపు చెట్ల కింద ఎదురుపడి, "ఆ లాంచీలో నా భార్యా, నా బిడ్డా పోయేరండీ" అని చెప్పాడట. ఒక్క మాట చాలనుకున్నాడు, అయ్యో అని.

"ఏమన్నాడు?"

"పోయినోళ్ళు పోయేరు, ఇప్పుడేంటి అన్నాడమ్మా. అని ఎనక్కి తిరిగేడు. నా చేతిలో దుడ్డుకర్ర ఉంది."

ఆ కర్ర పొయ్యిలోకి పోయింది. సలోమి శాపం గుర్తొచ్చి కాయ తెచ్చి పెట్టాడు. దానివల్ల సలోమి మీదికి వస్తుందని ఆ క్షణంలో తోచలేదన్నాడు. నేను నమ్ముతాను. తోచాక కూడా ఊరుకున్నాడు, అదీ నిజమే.

"ఆవిణ్ణి ఒదిలేస్తారమ్మా, సాక్ష్యం లేదు గదా" అన్నాడు. తర్వాత, "ఇన్నాళ్ళూ సరంగు ఎక్కించేడనుకున్నాను. ఆడు జైల్లోనే పోయేడు. ఆడికి ఎన్ని శాపనార్థాలు పెట్టేనో" అన్నాడు.

"ఇదీ అదే కదా మావయ్యా," అన్నాను. "చేసింది ఒకరు, లోపలికి పోయింది ఇంకొకరు."

అంత మాట అనాల్సింది కాదేమో. ఆయన ముఖం నేలకి దించేశాడు. మిగిలిన ఈనెలు కట్టగా సర్దుతూ, "ఎల్తాన్లే. జనవరి ఒకటికి రత్నం సమాధికి సున్నం వేసి, కొవ్వొత్తి ఎలిగించి, అప్పుడు నేనే ఎల్లి చెప్తాను" అన్నాడు. సరే అన్నాను.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది, ఇంతసేపూ పెంకులూ పులుసూ అంటూ దాటేసింది ఇది. నేను ఆగలేదు. మర్నాడు సలోమిని మేజిస్ట్రేటు ముందు పెడతారని ఆ రాత్రే ప్రసన్న ఫోను చేసింది. ఒకసారి జైలుకి వెళ్ళాక బయటికి రావడం ఎంత కష్టమో అందరూ చెప్పారు. పొద్దున్నే నేను ఆటో ఎక్కి స్టేషనుకి వెళ్ళాను. సలోమి చెక్కబల్ల మీద మోకాళ్ళు రాసుకుంటూ కూర్చుని ఉంది. నన్ను చూసి, "ఏంటండీ ఇలాగ వచ్చేరు, టిఫిన్లు ఎవరు చేస్తున్నారండీ?" అంది. నేను నేరుగా ఎస్సైగారి దగ్గరికి వెళ్ళి, ఆ కాయ తెప్పించండి, చెవి దగ్గర పెట్టుకుని ఊపండి అన్నాను. మిగతాదంతా నేనే చెప్పాను. అటక, తాళం, నిచ్చెన, లాంచీ. మావయ్య నాతో అన్నవి కూడా.

పోలీసులు వచ్చేసరికి మావయ్య స్నానం చేసి ఆదివారం గుడికి వేసుకునే తెల్లచొక్కా వేసుకుని ఉన్నాడు. ఆ చొక్కా ఎందుకు వేసుకున్నాడో, ఎక్కడికి బయలుదేరాడో నాకు తెలీదు. అడిగే ధైర్యం చాల్లేదు. జీపెక్కుతూ నా వైపు తిరిగి, "ఆగలేకపోయేవా, ఝాన్సీ?" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఈ నెలరోజులూ నేను కాస్త అన్నం తినేదాన్ని.

సమాధికి సున్నం నేనూ సలోమీ వేశాం. సలోమి చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఒకరోజు కూరగాయలు తరుగుతూ, "మీరు చెప్పకపోతే నేను లోపల ఉండేదాన్నండీ. చెప్పేరు, ఆయన లోపలికి పోయేరు. నేనేం మొహం పెట్టుకు తిరగాలండీ ఊళ్ళో?" అంది. ఉల్లిపాయలు ఇలా ఇవ్వు అన్నాను.

మావయ్య ఇప్పుడు రాజమండ్రి జైల్లో ఉన్నాడు. రెండుసార్లు వెళ్ళి చూశాను. దగ్గు లేదు. గుడ్డలు శుభ్రంగా ఉన్నాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు, "అక్కకి తెలుసా?" అని అడిగాడు. లేదన్నాను. "ఫోన్లో చెప్పించకమ్మా. ఎవరో ఒకరు గట్టిగా అరవాలి. ఆ మాట అక్క చెవిలో ఎవరూ అరవకూడదు. నువ్వు రాయి" అన్నాడు. అందుకని రాస్తున్నాను. ఎన్ని కాగితాలు చింపానో లెక్కలేదు.

నీకు తెలియాల్సింది ఇంకొకటి మిగిలింది. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో నిలవదట. కర్ర లేదు, చూసినవాళ్ళు లేరు. లాయరు చెప్పినదాని ప్రకారం కేసంతా నా సాక్ష్యం మీదే ఉంది. ప్రవీణ్ వారానికోసారి ఫోను చేస్తాడు. "అక్కా, కాయ మోగిందో లేదో సరిగ్గా గుర్తులేదను చాలు. ఆయన నీతో ఏమీ అనలేదను. సలోమి ఎలాగూ బయటికి వచ్చేసింది, ఇక ఎవరికీ నష్టం లేదు" అంటాడు. వాడిది న్యాయమే అనిపిస్తుంది, ఫోను పెట్టేసేదాకా. ఆ తర్వాత ఉమాదేవిగారు గుర్తొస్తారు. వెళ్ళేముందు ఆవిడ నా చేయి పట్టుకుని, "ఆ కథ ఆయన చెప్పినప్పుడల్లా ఇంట్లో ఎవరైనా ఒకసారి వద్దని అని ఉంటే బాగుండేదండీ, నేనైనా" అన్నారు. నేను ఆవిణ్ణి వరండాలో కూర్చోబెట్టి, చాలా ఎత్తు కదండీ అని అబద్ధం చెప్పాను. తెలియక చెప్పిన అబద్ధమే. తెలిసి ఇంకొకటి చెప్పలేను.

కాబట్టి కోర్టులో జరిగింది జరిగినట్టు చెప్తాను. లాంచీ సంగతి కూడా చెప్తాను, మొత్తం, ఒక్క మాట వదలకుండా, జడ్జిగారు విసుక్కున్నా సరే. ఆ పదిమందిని ఎవరు ఎక్కించారో ఒక్కసారైనా ఒక కోర్టు వినాలి. దానివల్ల శిక్ష తగ్గుతుందేమో అంటున్నాడు లాయరు. తగ్గకపోవచ్చు కూడా.

నాకు మావయ్యంటే ఎంత ఇష్టమో నీకు తెలుసు. నన్ను సైకిలు మీద కాలేజీకి దింపినవాడు, నేను పెళ్ళి చేసుకోనంటే మీ అందరిలో దెబ్బలాడనివాడు ఆయనొక్కడే. ఆ ఇష్టం ఒక్క పిసరు తగ్గలేదు. ఆగి ఉంటే తనంతట తనే వెళ్ళేవాడని నువ్వు అంటావు. అనుకునే హక్కు నీకుంది. ఆయన్ని చంకనెత్తుకుని పెంచింది నువ్వు. నేను కూడా రోజూ అదే అనుకుంటాను. అయినా మళ్ళీ ఆ పొద్దున్నే వస్తే మళ్ళీ ఆటో ఎక్కుతాను.

ప్రవీణ్‌ని తిట్టకు, సలోమిని ఏమీ అనకు. నన్ను అనాలనిపిస్తే కాగితం మీద అను, రాయకుండా మాత్రం ఉండకు. విచారణ తారీఖు తెలియగానే టిక్కెట్టు పంపిస్తాను. కోర్టులో నువ్వు మావయ్య వైపు కూర్చుంటావో, నా వైపు కూర్చుంటావో నేను అడగను. ఎటువైపు కూర్చున్నా సరే, రా అమ్మా.

ఇట్లు,
నీ తమ్ముణ్ణి అప్పగించిన
నీ కూతురు,
ఝాన్సీ